ఆపరేషన్ ఫెయిల్ అవ్వలేదు, జావ గ్లాసు గెలిచింది!

అందరికీ నమస్తే. ఇవాళ కొంచెం కోపంగానే ఉన్నా, ముందే చెప్పేస్తున్నా. పోయిన వీడియోలో ఒక్క మాట అన్నాను, బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని 14 నెలలైంది, 118 కిలోల నుంచి 84కి వచ్చాను, అక్కడే 7 వారాలుగా ముల్లు కదలట్లేదు అని. అంతే, మీరు రెండు పార్టీలైపోయారు. సగంమంది "లక్షలు తగలేసి పొట్ట కోయించుకున్నావ్, ఇప్పుడు చూడు" అని, మిగతా సగం "అక్కా ఓపిక పట్టు, అదే దిగుతుంది" అని. రెండూ తప్పే! ఆపరేషన్ ఫెయిల్ అవ్వలేదు, ఓపికతో ఇది తేలదు. నన్ను ఆపింది జావ గ్లాసు. అవును, మా అమ్మ ప్రేమగా తెచ్చిచ్చే చోడి జావ, అదే రాగి జావ.

తిట్టకండి, పూర్తిగా వినండి.

మా గాజువాక పెద్దమ్మ మొన్న ఫోన్‌లో "కొవ్వంతా కోసేశారు కదే, మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తాది" అంది. చాలామంది ఇలాగే అనుకుంటున్నారు, అందుకే చెప్తున్నా. కోసింది కొవ్వు కాదు, జీర్ణాశయం. దాదాపు 75-80 శాతం తీసేసి అరటికాయంత సన్నటి గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది, అందుకే మొదటి నెలల్లో బిర్యానీ పక్కన పెట్టినా ఆకలెయ్యదు.

కొత్తగా చేయించుకున్నవాళ్లు, మూడో వారంలో బరువు ఆగిందని ఏడుస్తున్నారు కదా, మీది వేరే సంగతి, కంగారొద్దు. మొదట్లో గబగబా దిగింది కొవ్వొక్కటే కాదు, ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ, దాంతో పాటు ఉండే నీళ్లు కూడా. తర్వాత ఒళ్లు మళ్లీ కాస్త నీరు పట్టి ఉంచుతుంది, ముల్లు ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. నేను మాట్లాడేది ఏడాది దాటాక వచ్చే ఆగుడు గురించి.

అక్కడ కొంత మన చేతిలో లేనిది ఉంది, ఒప్పుకుంటా. 118 కిలోల ఒంటిని నడపడానికి ఖర్చయ్యే శక్తి 84 కిలోల ఒంటికి అక్కర్లేదు, పైగా కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఎక్కువమందికి 12 నుంచి 18 నెలల మధ్యలో దిగడం నెమ్మదించేది అందుకే. కానీ "నా మెటబాలిజం చచ్చిపోయింది" అని ఊరుకుంటే ఎలా? నేను 4 రోజులు నోట్‌బుక్ పెట్టుకుని నోట్లోకి పోయిన ప్రతిదీ రాశా. ప్రతిదీ అంటే ప్రతిదీ.

పొద్దున్న పాలూ బెల్లం వేసిన చోడి జావ. పదకొండింటికి బత్తాయి జ్యూస్. మధ్యాహ్నం మెత్తగా పిసికిన పప్పన్నం. సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర్నుంచి నడిచి, నడిచినందుకు మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్. ఆ మురీ బండి ఆయన ఉల్లిపాయ సన్నగా తరిగి, టమాటా, పల్లీలు వేసి, నిమ్మకాయ పిండి డబ్బాలో గలగలా కలుపుతుంటే ఆ చప్పుడికే నోరూరుతుంది, వైజాగ్‌లో పుట్టినవాళ్లకి నేను చెప్పాలా! రాత్రి పెరుగన్నం. మధ్యలో టీలో ముంచిన బిస్కెట్లు. ఒక్కటి కూడా గట్టి తిండి లేదు, చూశారా?

ఇంట్లో వాళ్లేమో "పాపం పిట్టలా తింటోంది". పిట్టలా తినట్లేదమ్మా, పొద్దస్తమానం తాగుతోంది!

ఇక్కడే ఉంది కిటుకు. గట్టి చేపముక్క ఐదు ముద్దలు తింటే ఛాతీ కింద బిగుసుకుపోతుంది, ఆరో ముద్ద పోదు. అదే జావ? పెద్ద గ్లాసుడు సర్రున దిగిపోతుంది, గంటకే పొట్ట ఖాళీ. మురీ కూడా అంతే, నోట్లో కరకరలాడుతుంది గానీ ఉమ్మి తగిలితే మెత్తబడి జారుకుంటుంది. తింటూ నీళ్లు తాగొద్దు, అరగంట ఆగండి అని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. లక్షలు పోసి చిన్న గిన్నె చేయించుకుని దాని కింద మనమే చిల్లు పెట్టుకుంటున్నాం.

ఇంకొకటి, దీనికి నాకు నిజంగా మండింది. "5 రోజులు లిక్విడ్స్ మీద ఉండి పౌచ్ రీసెట్ చెయ్యి" అని ఎంతమంది రాశారో! పౌచ్ అంటే ఆపరేషన్ తర్వాత మిగిలిన చిన్న పొట్ట. రీసెట్ చేయడానికి అదేమైనా ఫోనా? 5 రోజులు తాగితే దిగేది ఎక్కువగా నీరు, అన్నం తినగానే తిరిగొస్తుంది. జావలూ జ్యూసులూ తాగడం వల్ల ఆగినదానికి ఇంకా తాగమంటారేంటి?

బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ గురించి కూడా అడుగుతున్నారు, 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఇదే గోల. ఆపరేషన్ తర్వాత బరువు ఆగినవాళ్లలో కొందరికి డాక్టర్లు ఇస్తున్నారు, అది వాళ్లు చూసి తేల్చాలి, పక్కింటావిడ చీటీ చూసి మీరు పొడుచుకోవద్దు. ఇంకా, బరువు ఆగిందన్న అలకతో బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మానేస్తున్నారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి, అవి జీవితాంతం. వాంతులు ఆగకపోయినా, నొప్పి వచ్చినా వీడియోలు చూస్తూ కూర్చోకుండా సర్జన్ దగ్గరికి వెళ్లండి.

నేను చేసిందేంటంటే, ముందు గట్టిది. ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలో వంజరమో, ఏదో ఒక చేప తెచ్చుకుంటున్నా, లేకపోతే గుడ్లు, చికెన్, పనీర్. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అని నాకు చెప్పారు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది, మరి జావతో ఎప్పటికి చేరతాం? అది తిన్నాక చోటుంటేనే అన్నం. నడక మానలేదు, దానికి తోడు వారానికి 3 రోజులు డంబెల్స్ పడుతున్నా, ఉన్న కండ నిలబడాలని. 3 వారాలైంది, 84 నుంచి 82.6.

ఇది మా అమ్మకి చెప్పడమే కష్టమైంది. తన చేతి జావ వద్దంటే తనని వద్దన్నట్టే తీసుకుంది, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నిన్న పొద్దున్న అలవాటుగా గ్లాసు పట్టుకుని నా గది దాకా వచ్చి, గుమ్మంలో ఆగి, వెనక్కి వెళ్లిపోయింది. పది నిమిషాలకి రెండు గుడ్లు ఉడకబెట్టి, మిరియాల పొడి చల్లి తెచ్చింది.

మీరూ 4 రోజులు రాయండి, తాగినవి కూడా వదలకుండా. కింద పెట్టండి, కూర్చుని అన్నీ చదువుతా.