కప్ప ట్యాంకుకి చలికాలం: సెన్సర్ వైరు గాజు మీదా, పొట్టులోనా?

అక్క: నమస్కారమండీ. ధనుర్మాసం వచ్చేసింది. తెల్లారేసరికి కాలవ గట్టు మీద మనిషికి మనిషి కనపడనంత మంచు. ఈ రోజు చెప్పుకునేది తేమ గురించి. చలికాలంలో కప్ప ట్యాంకులో తేమ ఎలా నిలపాలీ అని...

తమ్ముడు: కప్ప కింద పరిచే కొబ్బరి పొట్టు కడిగారా అని ముందు అడుగక్కా.

అక్క: అప్పుడేనా?

తమ్ముడు: మూడో బకెట్టు దాకా కడిగినవాళ్ళకి తెలుసులే. కానియ్.

అక్క: ముందొక లెక్క. చలికాలం అంటే గాలి పొడిగా ఉంటదని అందరూ రాస్తారు. అది చలిదేశాల మాట. మన గోదావరి డెల్టాలో తెల్లవారుజామున గదిలో 18 డిగ్రీలు ఉందనుకోండి, తేమ 90 శాతం ఉంటది. పొడి ఎక్కడుంది? పొడి మనం తెస్తున్నాం. ఆ గాలినే 26 డిగ్రీలకి వేడెక్కిస్తే తేమ 55 శాతానికి పడిపోద్ది. నీరెక్కడికీ పోలేదు. వేడెక్కిన గాలి ఇంకా ఎక్కువ నీటిని పట్టుకోగలదు, మీటరు చూపించేది శాతం కాబట్టి అంకె దిగుద్ది. అదే 24 దగ్గర ఆపితే 62 ఉంటది. రెండు డిగ్రీల ఆశకి ఏడు శాతం తేమ పోతంది.

తమ్ముడు: ప్యాక్‌మ్యాన్ కప్పకి, అంటే పొట్టులో తవ్వుకుని కూర్చునే పెద్ద నోటి పెంపుడు కప్పకి, 60 నించి 80 శాతం తేమ కావాలి కాబట్టి 24 దగ్గర ఆపితే సగం పని అయిపోయినట్టే. పగలు 24 నించి 27, రాత్రి 21, 22 అయినా దానికి ఇబ్బంది లేదు. చాలామంది రాత్రంతా 28లో పెట్టి, తేమ లేదని గంటకోసారి స్ప్రే కొడతారు.

అక్క: స్ప్రే కొడితే పైన అర అంగుళం తడుస్తది, అంతే. కప్ప ఉండేది కింద. ట్యాంకుని వేడి చేసే కరెంటు మ్యాట్‌కి ఎదురు మూలలో, గాజు పక్కనించి ఒక టీ గ్లాసుడు నీళ్ళు నెమ్మదిగా పొయ్యండి. అడుగు తడిగా, పైన కాస్త ఆరినట్టు ఉండాలి. గుప్పిట్లో పట్టి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే ఎక్కువైంది, అలా వదిలేస్తే పొట్ట కింద చర్మం ఎర్రబడుద్ది. పిండాక ముద్ద విడిపోతే తక్కువైంది. ఇంకోటి, పొద్దున్నే గాజు మీద ఆవిరి పట్టింది కాబట్టి తేమ బావుందనుకోకండి. గాజు చల్లగా ఉంటే ఆవిరి పడుద్ది, లోపల పొట్టు ఎండిపోయి ఉన్నా సరే. సరే, ఇప్పుడు మూత...

తమ్ముడు: మూతకి ముందు మ్యాట్ ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే ఎలా? అడుగునే పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు.

అక్క: అడుగున వద్దండీ. కప్పకి వేడి ఎక్కువైతే కిందకి తవ్వుకుంటది, ఎందుకంటే నేలలో కిందకెళ్తే చల్లన. మనం కిందే వేడి పెడితే పారిపోవాల్సిన చోటే కాలుద్ది. పైగా నాలుగంగుళాల తడి పొట్టు మందాన వేడి పైకి రాదు, గాజుకీ బల్లకీ మధ్యే ఉండిపోద్ది. గాజు పగిలేది అలాగే. పద్దెనిమిది, పన్నెండు, పన్నెండు అంగుళాల ట్యాంకుకి 7 వాట్ల మ్యాట్ చాలు. ఒక పక్క గాజుకి, బయటినించి, పొట్టు మట్టానికి పైన అతికించండి. ఆ గాజులో మూడో వంతుకి మించి కప్పొద్దు. మిగతా మూడు పక్కలా అంగుళం మందం థర్మోకోల్. మ్యాట్ వెనక మాత్రం థర్మోకోల్ అంటించకండి, వేలు పట్టేంత ఖాళీ ఉంచండి.

తమ్ముడు: థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ ప్లగ్గులో పెట్టకండి. ఎస్టీసీ-1000 అనే థర్మోస్టాట్ కంట్రోలర్ ఎక్కడైనా దొరుకుద్ది, సెన్సర్ చదివిన వేడిని బట్టి మ్యాట్‌ని అదే వెలిగించి ఆపుద్ది. హీటింగ్ రిలేకి కలపండి, కూలింగ్‌కి కాదు. దాని సెట్టింగుల్లో ఎఫ్1లో డిగ్రీలు, ఎఫ్2లో తేడా. తేడా 1 పెట్టండి. 25 పెడితే 24 దగ్గర వెలుగుద్ది, 25 దగ్గర ఆరుద్ది. సెన్సర్ పొట్టులో, కప్ప ఉండే లోతులో.

అక్క: కాదు. గాజు మీద.

తమ్ముడు: మొదలెట్టావ్.

అక్క: మొదలెట్టడం కాదురా, ఇది వినేవాళ్ళకి చాలా అవసరం. సెన్సర్‌ని తడి పొట్టులో పాతావనుకో. తడి పొట్టు వేడెక్కడానికి గంటలు పడుద్ది. అది 25కి వచ్చేదాకా కంట్రోలర్ మ్యాట్‌ని ఆపదు. ఈలోపు మ్యాట్ వెనక గాజు 40 దాటుద్ది. కప్ప పోయి ఆ గాజుకి ఆనుకుని కూర్చుంటే? వేడి తగులుతున్నా అది వెంటనే జరగదు, చర్మం కాలిపోయాక మనకి తెలుస్తది.

తమ్ముడు: ఒప్పుకున్నా. కానీ గాజు మీద పెడితే నీకు తెలిసేది గాజు సంగతి. గదిలో 22 ఉన్నప్పుడు గాజు 30 అంటే పొట్టు 24 ఉండొచ్చు. సంక్రాంతి దగ్గర ఒక్క రాత్రి గది 17కి దిగిందనుకో, గాజు అదే 30, పొట్టు మాత్రం 20. కంట్రోలర్‌కి అంతా బాగానే ఉన్నట్టు. కప్ప కడుపులో అంతకు ముందు రోజు తిన్న బొద్దింకలు అరగవు. చలికి అరుగుదల ఆగితే తిండి లోపలే కుళ్ళుద్ది. అది చిన్న ప్రమాదమా?

అక్క: కాదు. కానీ ఆ ప్రమాదం నెమ్మదిగా వస్తది, చూసుకునే టైముంటది. పొట్టులో ఒక మామూలు థర్మామీటర్ పెట్టుకుని పొద్దునా రాత్రీ చూడు. 22కి తక్కువుంటే ఆ రోజు తిండి పెట్టకు, అంతే. పెద్ద కప్పకి వారం తిండి లేకపోయినా ఏమీ కాదు. కాలిన చర్మం అలా కాదు.

తమ్ముడు: చూసుకుంటారు అనే మాట మీద ట్యాంకు నడపకూడదక్కా.

అక్క: మరి సెన్సర్ ఊడి బయటికొస్తే? కప్ప తవ్వేటప్పుడు వెనక కాళ్ళతో తంతది. వైరు పైకి లేచి ట్యాంకు బయట పడితే కంట్రోలర్ చదివేది గది వేడి, 18. ఇక రాత్రంతా మ్యాట్ ఆగదు. నీ పద్ధతిలో ఇదే ఉన్నది.

తమ్ముడు: నీ పద్ధతిలోనూ ఉంది! గాజు మీంచి ఊడినా అంతే కదా.

అక్క: గాజుకి గట్టిగా పట్టించొచ్చు. పొట్టులో పట్టించడానికి ఏముంది?

తమ్ముడు: పీవీసీ ముక్క. అరంగుళం గొట్టం నాలుగంగుళాలు కోసి, చుట్టూ చిల్లులు పెట్టి, అడుగు గాజుకి సిలికాన్‌తో నిలబెట్టు. సెన్సర్ అందులో దింపు. తన్నినా కదలదు.

అక్క: ...అది బావుంది. అది నిజంగా బావుంది. సిలికాన్ మాత్రం ఆక్వేరియందే వాడండి, బూజు పట్టకుండా మందు కలిపినది వద్దు. పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. లోపల టేపు మాత్రం...

తమ్ముడు: నల్ల టేపు ఊసెత్తకు.

అక్క: ఎత్తను. ఒక్క మాట. తేమకి టేపు ఊడుద్ది, దాని జిగురు కప్ప చర్మానికి అంటుకుంటది. గాజుకి నొక్కి అంటించే రబ్బరు కప్పు కూడా నమ్మొద్దు, నాలుగు రోజుల్లో జారిపోద్ది.

తమ్ముడు: గొట్టం ఒప్పుకున్నావంటే పొట్టులోనే అన్నమాట.

అక్క: అనలేదు. గొట్టం నీ థర్మామీటర్‌కి పెట్టు. కంట్రోలర్ సెన్సర్ గాజు మీదే.

తమ్ముడు: అయితే రెండు కంట్రోలర్లు. ఒకదాని తర్వాత ఒకటి. మ్యాట్‌కి వెళ్ళే కరెంటు రెండిట్లోంచీ పోవాలి. మొదటిది గాజు మీద, 32కి కట్ చేస్తది. రెండోది పొట్టులో, 25కి. ఏ ఒక్కటి ఆపినా మ్యాట్ ఆగాలి.

అక్క: వైరింగు తెలిసినవాళ్ళకి అది అన్నిటికన్నా మంచిది. తెలియనివాళ్ళకి చెప్పకూడదు. 230 వోల్టుల పక్కన తడి పొట్టు, నీళ్ళ గిన్నె. ఆ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందకి ఒక వంపు వేలాడి పైకి రావాలి, కారిన నీరు ఆ వంపు దగ్గరే కింద పడుద్ది.

తమ్ముడు: ఒక్క కంట్రోలరే ఉన్నవాళ్ళ సంగతి?

అక్క: గాజు మీద.

తమ్ముడు: పొట్టులో. గొట్టంలో.

అక్క: (నిట్టూర్పు) ముందుకి పోదాం. అంకెలే తప్పయితే ఈ గొడవంతా దండగ. సెన్సర్‌ని సరిచూడండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు, సందుల్లోకి నీళ్ళు, కలిపి ఐదు నిమిషాలు ఉంచి సెన్సర్ ముంచండి. సున్నా చూపించాలి. 1.5 చూపిస్తే ఎఫ్4లో మైనస్ 1.5 పెట్టండి. తేమ మీటరుకి ఉప్పు. సీసా మూతలో చెంచాడు ఉప్పు, తడి ఇసకలా అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్ళు, మీటరుతో పాటు జిప్ కవర్లో మూసి ఎనిమిది గంటలు ఉంచండి. 75 చూపించాలి. ఎంత తేడా ఉందో మీటరు వెనక రాసి పెట్టుకోండి.

తమ్ముడు: ఉప్పంటే గుర్తొచ్చింది...

అక్క: చెప్పు. ఇంక ఆగవు కదా.

తమ్ముడు: కోకోపీట్ ఇటుక అంబాజీపేటలో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా, ఉప్పుంటది. కొబ్బరి డొక్కలోనే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. కప్ప నోటితో నీళ్ళు తాగదు, పొట్ట కింద చర్మంతో పీలుస్తది. ఉప్పు పొట్టులో కూర్చుంటే దాని ఒంట్లో నీరే బయటికి లాగేస్తది. మనం తేమ తేమ అని కొట్టుకుంటాం, అది తడిలో కూర్చునే ఎండిపోద్ది. 650 గ్రాముల ఇటుకకి నాలుగు లీటర్ల నీళ్ళు, ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుద్ది. మనం చెప్పిన ట్యాంకుకి నాలుగంగుళాలు పరవాలంటే రెండు ఇటుకలు. పాత లుంగీ గుడ్డలో వేసి పిండి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ పిండి. పిండిన నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, నువ్వు పోసిన నీళ్ళ టీడీఎస్‌కి దగ్గరయ్యేదాకా. మామూలుగా మూడో బకెట్టుకి వస్తది.

అక్క: పోసే నీళ్ళే ఉప్పయితే?

తమ్ముడు: అదే! అంతర్వేది వైపు, సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళతో కడిగితే కడగనట్టే. కాలవ నీళ్ళు నింపే మంచినీళ్ళ చెరువు పంపు నీళ్ళు వాడండి. క్లోరిన్ ఉంటే ఒక రోజు బకెట్టులో మూత లేకుండా ఉంచండి, లేదా ఆక్వేరియం షాపు యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి.

అక్క: రాజోలు నించి ఒకరు అడిగారు, కప్ప మూడు రోజులుగా కదలటంలేదు, ఒళ్ళంతా పల్చటి పొరలా గట్టిపడిందట. అది చలికీ పొడికీ కలిపి వచ్చేదండీ. పొర కట్టుకుని లోపల పడుకుంటది. చేత్తో పీకకండి. 25 డిగ్రీల మంచి నీళ్ళు గడ్డం దాకా, ముక్కు మునగకుండా, ఇరవై ముప్పై నిమిషాలు. దగ్గరే కూర్చోండి. పొర దానంతటదే ఊడుద్ది, అదే తినేస్తది. ముట్టుకునే ముందు చేతులు సబ్బు లేకుండా కడుక్కోండి. కళ్ళు లోపలికి పోయినా, పొట్ట ఎర్రగా ఉన్నా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.

తమ్ముడు: ఇంకొకరు, చేలో గోదురు కప్పని తెచ్చి పెట్టుకోవచ్చా అన్నారు.

అక్క: వద్దు. అది చేలోనే ఉండాలి. దాని కాళ్ళ ఎగుమతి వల్ల ఎంత నష్టమైందో చూసే 1987లో దేశం ఆ ఎగుమతిని ఆపేసింది. మీ విదేశీ కప్పని తీసుకెళ్ళి కాలవలో వదలడం కూడా అంతే తప్పు. దయచేసి ఈ రెండూ చెయ్యకండి.

తమ్ముడు: భోగి గురించి చెప్పవా?

అక్క: ఆయ్, అది ముఖ్యం. భోగి మంట పొగ గదిలోకి రాకుండా తెల్లవారకముందే కిటికీలు వెయ్యండి. చలికి తలుపులన్నీ మూసి దోమల కాయిల్ వెలిగిస్తారు, లిక్విడ్ మిషన్ పెడతారు. ఆ మందులు కప్పలకి విషం. ట్యాంకున్న గదిలో దోమతెర కట్టుకోండి.

తమ్ముడు: మూత మిగిలిపోయింది.

అక్క: జాలీ మూతలో మూడింట రెండొంతులు యాక్రిలిక్ షీటుతో కప్పండి, మ్యాట్‌కి దూరంగా ఉన్న వైపు తెరిచి ఉంచండి. పూర్తిగా మూస్తే బూజు. కొన్ని రకాల చెట్టు కప్పలకి 50, 60 తేమే చాలు, సగం తెరిచి ఉంచండి, వాటి సంగతి వేరే...

తమ్ముడు: వాటికైతే సెన్సర్ ఎక్కడ పెడతావ్? అవి పొట్టులో ఉండవుగా.

అక్క: అవి పడుకునే కొమ్మ దగ్గర.

తమ్ముడు: అంటే కప్ప ఉన్న చోట!

అక్క: ...రికార్డింగ్ ఆపు. ఆపి, ఆ గొట్టం ముక్క చూపించు.