కాలువ గట్టున చెన్నపట్నం

సభకు నమస్కారం.

ఊరి నుంచి చుట్టాలు వస్తే మనం ఏం చూపిస్తాం? మెరీనా, పార్థసారథి స్వామి కోవెల, కపాలీశ్వరుడి గుడి, తీరిక ఉంటే కోట. ఒక్కొక్కటి ఒక్కో ఆటో ప్రయాణం. వీటి పక్కగానే ఒక కాలువ పోతోందని, దాని అవతలి కొస తెలుగు నేల మీద ఉందని వాళ్లకు చెప్పేవారు అరుదు. బకింగ్‌హాం కాలువను ముక్కు మూసుకుని దాటడమే మనకు అలవాటైంది. నా ఉద్దేశంలో ఈ నగరంలో తెలుగువారు మొదట చూడవలసింది దానినే.

1806లో బాసిల్ కాక్రేన్ అనే బ్రిటిష్ వ్యాపారి పట్నం నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించడంతో కథ మొదలైంది. తరువాత అది పులికాట్ సరస్సును చేరి, విడతలు విడతలుగా ఉత్తరానికి సాగి, పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను అందుకుంది. అక్కడి నుంచి కృష్ణా, గోదావరి కాలువల మీదుగా కాకినాడ దాకా నీటి దారి. బకింగ్‌హాం కాలువ ఆంధ్రలో 257 కిలోమీటర్లు, తమిళనాడులో 163 కిలోమీటర్లు ఉంటుంది. సగానికి పైగా మనదే!

సముద్రానికి ఇంత దగ్గరగా పోయే కాలువలో పడవ నడపడం తేలిక కాదు. ఏరు సముద్రంలో కలిసే చోట ఆటుపోట్లకు నీటి మట్టం గంటగంటకూ మారుతుంది. అందుకే లాకులు కట్టారు. పడవ లాకులోకి రాగానే వెనుక తలుపులు మూసి, తూము ఎత్తి, లోపలి నీటిని అవతలి మట్టానికి తెచ్చేవారు. రెండు మట్టాలు సమానమైతేనే ముందు తలుపులు తెరుచుకునేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. ధాన్యం, ఉప్పు, శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు అలాగే పట్నం చేరాయి. ఇక్కడి పొయ్యిలు ఎన్నో ఏళ్లు ఆ కట్టెలతో మండాయి.

విజయవాడ నుంచి రైల్లో వచ్చేవారికి బేసిన్ బ్రిడ్జి బాగా తెలుసు. సెంట్రల్ ఇక వచ్చేసినట్టే అనుకుని సామాను దించుకున్నాక బండి అక్కడే నిలబడిపోతుంది. ఈసారి ఆగినప్పుడు కిటికీలోంచి చూడండి. పడవలు లంగరు వేసే బేసిన్ అక్కడ ఉండేది, ఆ పేరు దానిదే. పక్కనే ఉన్న రైల్వే గూడ్సు యార్డును ఇప్పటికీ సాల్ట్ కొఠార్స్ అంటారు. కాలువ మీద వచ్చిన ఉప్పును నిల్వచేసిన చోటు అది. 1873లో కట్టిన సెంట్రల్ స్టేషను పక్కనుంచి కాలువ వెళ్లి కూవం నదిలో కలుస్తుంది.

కూవం నుంచి అడయారు నది దాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్ల ముక్క చరిత్ర వేరు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి కరువులో, తిండి లేక పట్నానికి వచ్చిన జనానికి పని కల్పించడానికి దాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే మొత్తం కాలువకు వచ్చింది. తవ్విన చేతుల పేర్లు మాత్రం ఏ వంతెన మీదా లేవు.

ఆ ముక్కను చూడాలంటే మైలాపూరులోని తిరుమయిలై స్టేషనులో దిగండి. రైలు దారి మోసే కాంక్రీటు స్తంభాలు నేరుగా కాలువలోనే దిగి ఉంటాయి. వాటి మధ్య నల్లటి నీరు, గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచులు. 1997 నాటికి రైలు మైలాపూరు చేరింది. నగరానికి రైలు కావలసిందే, కానీ ఉన్న కాలువను ఇరుకు చేసి దానికి దారి వేయడం పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాన నీరు సముద్రానికి పోయే దారినే మూసుకుంటే వరద వచ్చినప్పుడు ఎవరిని అనాలి? 2004 సునామీ నాడు తీరం వెంట చాలా చోట్ల అలను తనలో ఇముడ్చుకుని ఊళ్లకు అడ్డు నిలిచింది ఈ కాలువే.

స్టేషను నుంచి కొద్దిసేపు నడిస్తే రాయపేట హైరోడ్డు వస్తుంది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న కన్నుమూసింది అక్కడి బులుసు సాంబమూర్తి గారి ఇంట్లోనే. ఇప్పుడది స్మారక భవనం. కాలువ చూడటానికి వచ్చినవారు అక్కడికి వెళ్లకుండా తిరిగి రావద్దు.

పడవ షికార్ల మాట తరచూ వినిపిస్తుంది. ముందు మురుగు కాలువల నోళ్లు కట్టాలి, ఆ తరువాతే షికార్లు. అది ప్రభుత్వం పని. మనం చేయగలిగింది ఒకటుంది. సూళ్లూరుపేట, తడ, నెల్లూరు వైపు ఈ కాలువ మీద పడవలు నడిపిన పెద్దలు, ఆ పడవల్లో వచ్చినవారు ఇంకా ఉన్నారు. మీ ఇళ్లలో అలాంటివారు ఉంటే ఈ సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఫోనులో వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఏ లాకు దగ్గర ఆగేవారు, ఏం వండుకునేవారు, కూలి ఎంత ఇచ్చేవారు, అన్నీ అడగండి.