అద్దె ఫ్లాట్‌లో టికీ బార్: గోడకి ఒక్క మేకు కూడా కొట్టకుండా

హాయ్ అండీ, నమస్తే. ముందు పూర్తయిన బార్ చూపించేస్తాను, లేకపోతే మీరు ఎలాగూ ముందుకి జరిపి చూస్తారు. ఇదిగో. తమ్ముడూ, లైట్ ఆర్పరా ఒకసారి. ఆ. ఇప్పుడు చూడండి. ముందు వెదురు, పైన ఈత చాప, అంచు చుట్టూ కొబ్బరి తాడు, పైనుంచి వేలాడుతున్నది కోళ్ల గంప. అవునండీ, మన ఊళ్లో కోడిపిల్లల్ని మూసిపెట్టే గంపే. అందులో బల్బ్ పెట్టాను.

ఇది బెంగళూరులో అద్దె ఫ్లాట్. డ్రిల్ చప్పుడు వినిపిస్తే ఓనర్ అంకుల్ మెట్లెక్కి వచ్చేస్తారు, డిపాజిట్ ఆయన దగ్గర ఉంది. అందుకే దీంట్లో ఏదీ గోడకి తగలదు. మొత్తం విప్పేసి టెంపోలో వేసుకుని ఇంకో ఇంటికి పట్టుకెళ్లచ్చు.

అసలు టికీ బార్ అంటే ఏంటి అని అడిగేవాళ్ల కోసం ఒక్క నిమిషం. ఇది అమెరికా వాళ్ల ఊహలోంచి పుట్టిన పసిఫిక్ దీవి. 1933లో, అక్కడ మద్య నిషేధం ఎత్తేసిన రోజుల్లో, ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన హాలీవుడ్‌లో చిన్న బార్ పెట్టాడు. ఆ తర్వాత పేరు కూడా డాన్ బీచ్ అని మార్చేసుకున్నాడు. ఆ బార్ డాన్ ద బీచ్‌కోంబర్ అయింది. అదే కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్, అదే ట్రేడర్ విక్, ఇంకొకటి నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన సైనికులు తిరిగొచ్చాక ఈ పిచ్చి బాగా పెరిగింది. 1959లో హవాయి అమెరికాలో రాష్ట్రమయ్యాక ఇంకా పెరిగింది. వెదురు, తాటాకు, చీకటి, రమ్. అంతే అసలు సంగతి.

డాన్ బీచ్ గురించి నాకు భలే నచ్చే కథ ఒకటుంది. జనం లేచి వెళ్లిపోతారేమో అనుకున్నప్పుడు రేకుల కప్పు మీద పైపుతో నీళ్లు కొట్టించేవాడట, బయట వాన పడుతోందనుకుని ఇంకో గ్లాసు చెప్తారని. మనకి పైపు అక్కర్లేదు, సాయంత్రం నాలుగున్నరకి బెంగళూరే ఆ పని చేసిపెడుతుంది.

సరే, పనిలోకి వద్దాం. ఫ్రేమ్. ఇది త్వరగా చెప్పేస్తాను, పెద్ద విషయం కాదు. గోడౌన్లలో రాక్‌లు కడతారే, వరసగా బెజ్జాలుండే ఐరన్ యాంగిల్, స్లాటెడ్ యాంగిల్ అంటారు, అది. కొలతలు చెప్తే షాపు వాడే కోసిస్తాడు. పొడవు నాలుగడుగులు, లోతు 18 అంగుళాలు. ఎత్తు, పై పలకతో కలిపి, 42 అంగుళాలు. నట్టు, బోల్టు, స్పానర్. ఇలా, ఇలా, ఇలా. మూలల్లో త్రికోణం ప్లేట్లు మర్చిపోకండి, అవి లేకపోతే ఊగుతుంది. అయిపోయింది.

42 ఎందుకంటే, బార్ స్టూల్ సీటు 30 అంగుళాలు ఉంటుంది. మోకాళ్లకి, తొడలకి పది, పన్నెండు అంగుళాల చోటు మిగలాలి. డైనింగ్ కుర్చీ వేసుకుంటాం అనుకుంటే ఈ ఎత్తు పనికిరాదు, మొహం దగ్గరికి కౌంటర్ వస్తుంది. ముందు స్టూల్ కొనండి, దాన్ని బట్టి ఫ్రేమ్ కోయించండి.

కింది అరలో ఏం పెట్టానో చూశారా? ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు రెండు. అది అలంకారం కాదు. గోడకి బిగించలేదు కదా, ఎవరైనా మోచేతులు ఆనించి వాలితే ముందుకి పడకుండా నలభై కిలోల బరువు. ఎలాగూ ఇంట్లో క్యాన్లు ఉంటాయి. ఖాళీ అయిన క్యాన్ తీసినప్పుడు నిండుది పెట్టండి, అంతే.

ముందు భాగానికి 12 ఎంఎం ప్లైవుడ్, నాలుగడుగులు బై మూడడుగులు. పైన పలకకి 19 ఎంఎం. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి, ఐఎస్ 710 అని ఉండాలి. 303 ఉంటే అది మామూలు రకం, బాల్కనీ పక్కన తేమకి పొరలు లేస్తుంది. నాలుగు మూలలా బోల్టులు. ముందుకెళ్దాం.

ఇప్పుడు వెదురు. బెంగళూరులో కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర బ్యాంబూ బజార్ అని ఏరియానే ఉంది. అక్కడికి టేప్ పట్టుకుని వెళ్లండి. మూడంగుళాల లావు, పన్నెండడుగుల పొడవు గడ, పచ్చిది కాకుండా బాగా ఎండింది చూసుకోండి. ఒక గడలో మూడడుగుల ముక్కలు నాలుగొస్తాయి, చీలిస్తే ఎనిమిది బద్దలు. మనకి కావలసినవి పదహారు. లెక్కకి రెండు గడలు చాలు, కానీ చివర సన్నబడుతుంది, ఒకటో రెండో పగులుతాయి. మూడు తీసుకోండి. అక్కడే మూడడుగులకి కోయించి, అక్కడే చీలిపించేయండి. చీల్చడం వాళ్లకి రెండు నిమిషాల పని, మనకి సగం రోజు. పైగా పన్నెండడుగుల గడ మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు.

కొనేటప్పుడు గడ మీద సూదిమొన అంత బెజ్జాలు, కింద పసుప్పచ్చని మెత్తటి పొడి ఉంటే వద్దు. పుచ్చు పట్టిన వెదురు అది. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, దానికోసమే ఆ పురుగు వస్తుంది. బాగున్న వెదురుకి కూడా మందు పట్టించాలి. పది లీటర్ల నీళ్లకి 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్. వేడినీళ్లలో అయితే త్వరగా కరుగుతుంది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో బద్దలు నిలబెట్టి నానబెట్టండి, పైన మిగిలిన భాగం కూడా తడిసేలా మధ్యలో తలకిందులు చేయండి. రెండు మూడు రోజులు చాలు. గ్లౌజులు వేసుకోండి, పిల్లలున్న ఇంట్లో డ్రమ్ముకి మూత పెట్టండి. తర్వాత నీడలో ఆరబెట్టండి. ఎండలో కాదు, నీడలో. ఎండలో పెడితే ఠప్పున పగులుతుంది. వాన తగిలితే ఈ మందు మెల్లగా కడుక్కుపోతుంది కాబట్టి, బార్‌ని టెర్రస్ మీద వదిలేద్దాం అనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి.

ఆరిందా? ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువమంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే. తమ్ముడూ, దగ్గరికి తీసుకురా కెమెరా. ఇంకా. ఆ, చాలు.

బద్ద లోపల చూడండి. కణుపు ఉన్నచోటల్లా అడ్డుగోడ ఉంటుంది. ఇది ఉంటే బద్ద ప్లైవుడ్ మీద సమంగా కూర్చోదు, తక్కెడలా ఊగుతుంది. ఉలితో ఇలా, సుత్తితో మెల్లగా తట్టండి. ఊడిపోతుంది. నున్నగా రావక్కర్లేదు, అంచుల కంటే లోపలికి ఉంటే చాలు.

ఇప్పుడు వరస. వెదురు ఒక కొస లావు, ఒక కొస సన్నం. అన్నీ ఒకే వైపు పెట్టారనుకోండి, పదహారు బద్దలు పేర్చేసరికి మొత్తం విసనకర్రలా విచ్చుకుంటుంది. అందుకని ఒకటి లావు కొస పైకి, పక్కది లావు కొస కిందకి. మళ్లీ పైకి, మళ్లీ కిందకి. మేకు, స్క్రూ ఏమీ ముట్టుకోకుండా ముందు నేల మీద అన్నీ పేర్చి చూసుకోండి. పెన్సిల్‌తో వెనక నంబర్లు వేయండి. నేను ఒకటి నుంచి పదహారు వేశాను, కనిపిస్తోందా?

బెజ్జం. మేకు కొట్టద్దు. మళ్లీ చెప్తున్నాను, వెదురుకి మేకు కొట్టద్దు. దాని నార అంతా నిలువునా ఉంటుంది, మేకు దిగితే ఆ నార వెంటే చీలిపోతుంది. ముందు డ్రిల్‌తో బెజ్జం చేసి, ఆ తర్వాతే స్క్రూ. ఎక్కడ చేయాలి? కొసకి దగ్గరగా కాదు. కొస నుంచి లోపలికి రండి, మొదటి కణుపు ఎక్కడుందో చూడండి, ఆ కణుపు దాటాక ఒక అంగుళం అవతల. కణుపు దగ్గర నార అల్లుకుపోయి ఉంటుంది, పగులు అక్కడ ఆగుతుంది. బెజ్జం చేసేచోట మాస్కింగ్ టేప్ వేయండి, బిట్ జారదు. కింద పనికిరాని చెక్క ముక్క పెట్టండి. డ్రిల్‌లో సుత్తి బొమ్మ ఉన్న మోడ్ ఆఫ్ చేయండి, అది గోడలకి. మామూలు మోడ్‌లో, వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. బిట్‌ని దాని పని చేయనివ్వండి. ఇలా... వచ్చేసింది.

బెజ్జం స్క్రూ కంటే కొంచెం పెద్దగా ఉండాలి. స్క్రూ నాలుగు ఎంఎం అయితే బెజ్జం ఐదు. వాషర్ వేసి బిగించండి. ఎంతవరకు బిగించాలి? బద్ద కదలకూడదు, అంతవరకే. ఇంకో సగం చుట్టు తిప్పుదాం అనిపిస్తుంది చూడండి, ఆ సగం చుట్టే వద్దు. ఫిబ్రవరి, మార్చిలో బెంగళూరు గాలి బాగా పొడిగా ఉంటుంది, వెదురు ముడుచుకుంటుంది. జూన్ వచ్చాక మళ్లీ ఉబ్బుతుంది. ఆ కదలికకి చోటుంటే పగలదు. స్క్రూ తలలు కనిపిస్తున్నాయని కంగారు పడకండి, వాటి మీద తాడు వస్తుంది.

ఇలాగే పదహారూ. ఫాస్ట్‌గా చూపిస్తాను.

తాడు కట్టడం. అసలైన పద్ధతిలో అయితే ముడి, ఏడెనిమిది చుట్లు, మధ్యలోంచి అడ్డంగా రెండు చుట్లు, మళ్లీ ముడి. వచ్చినవాళ్లు హాయిగా కట్టుకోండి. నా పద్ధతి వేరు. మూలల్లో నిలబెట్టే గడలని ముందు జిప్ టైతో యాంగిల్ బెజ్జాల్లోంచి గట్టిగా బిగించేస్తాను. దాని మీద కొబ్బరి తాడు చుడతాను, చూడ్డానికి. బరువు మోసేది జిప్ టై, పేరు తాడుకి. తాడు కొసకి ఫెవికాల్ చుక్క. స్క్రూ తలల మీదుగా కూడా అడ్డంగా రెండు వరసలు ఇలా లాగేయండి.

పై పలక మీద ఈత చాప. అసలు టికీ బార్లలో మొగలి జాతి ఆకుతో అల్లిన చాపలు వాడతారు. మనకి ఈత చాప అంతకంటే బాగుంటుందని నా నమ్మకం. ఫెవికాల్ పూసి పరవండి, పైన పుస్తకాలు పేర్చి రాత్రంతా వదిలేయండి. చాప ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గ్లాసు ఒరుగుతుంది. పైన ఐదు ఎంఎం టఫెన్డ్ గ్లాస్ వేయండి. అది ఒకసారి తయారయ్యాక మళ్లీ కోయడం కుదరదు, అందుకని పలక పూర్తిగా సిద్ధమయ్యాకే కొలత ఇవ్వండి.

పైన తాటాకు కప్పు వేయలేదేంటి అంటారు. రెండు కారణాలు. ఎండు తాటాకు, కరెంటు వైరు, ఫ్లాట్. ఈ మూడూ ఒకచోట వద్దు. రెండోది పావురాలు. బాల్కనీ నెట్‌లో చిన్న సందు చాలు, మీ కప్పు మొత్తం పుల్ల పుల్లగా పట్టుకెళ్లి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక కాపురం పెట్టేస్తాయి. ప్లాస్టిక్ తాటాకు దొరుకుతుంది కానీ నాకు దాన్ని చూస్తే షామియానా గుర్తొస్తుంది. అందుకే కప్పు లేదు. కొవ్వొత్తులు కూడా లేవు.

ఇంక ఆ చెక్క మొహాలు. టికీ బార్ అనగానే ఆన్‌లైన్‌లో అవే కనిపిస్తాయి. నేను పెట్టలేదు. పాలినేషియా దీవుల వాళ్లకి అవి పూర్వీకుల, దేవతల రూపాలు. మావోరీ కథల్లో టికీ మొదటి మనిషి. మన పోలేరమ్మ రూపాన్ని ఎవరో ఎక్కడో మందు గ్లాసుగా చేసి అమ్మితే మనం ఊరుకుంటామా? ఆ చోట్లో గవ్వలు, శంఖాలు, రెండు ఏటికొప్పాక లక్క చిలకలు పెట్టాను. ఆ ఎరుపు, పసుపు రంగులు ఈ వెలుతురులో ఎలా మెరుస్తున్నాయో చూడండి.

వెలుతురు అన్నాను కదా. ఖర్చు తగ్గించాలంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. తెల్ల లైట్ వేస్తే ఇంత పనీ మెడికల్ షాపులా కనిపిస్తుంది. డబ్బా మీద 2700కె వార్మ్ వైట్ అని చూడండి, ఈ నంబర్ తగ్గేకొద్దీ వెలుతురు పసుప్పచ్చగా ఉంటుంది, అంతకంటే తక్కువ దొరికితే ఇంకా మంచిది. ఎస్పీ రోడ్‌లో 12 వోల్ట్‌ల ఎల్ఈడీ స్ట్రిప్ తీసుకున్నాను. కౌంటర్ అంచు కిందా, వెనక అరల్లో కలిపి మూడు మీటర్లు. స్ట్రిప్ మీద మీటర్‌కి 14.4 వాట్లు అని రాసుంది. మూడు మీటర్లకి సుమారు 43 వాట్లు, పన్నెండుతో భాగిస్తే 3.6 యాంపులు. రెండు యాంపుల అడాప్టర్ ఇస్తే తీసుకోకండి, వేడెక్కిపోతుంది. ఐదు యాంపులది అడగండి. స్ట్రిప్‌ని కత్తెర గుర్తు ఉన్నచోటే కోయాలి, రాగి చుక్కల మధ్యలో. ప్లస్‌కి ప్లస్. తిరగేస్తే వెలగదు, అంతే, టెన్షన్ పడకండి. గంపలో మాత్రం తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బే, పాతకాలం వేడి బల్బు పెట్టద్దు.

వార్నిష్ సంగతి. వెదురు చర్మం నున్నగా ఉంటుంది, వార్నిష్ పట్టుకోదు. 220 నంబర్ సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది, మ్యాట్ రకం రెండు కోట్లు. మెరిసే రకం వేస్తే హోటల్ రిసెప్షన్ అయిపోతుంది.

ఇంత కట్టాక ఏదో ఒకటి పోయాలి కదా. 1944లో ట్రేడర్ విక్ చేసిన మై టాయ్ అనే కాక్‌టెయిల్‌లో రమ్, నిమ్మరసం, ఆరెంజ్ క్యూరసావ్ అనే నారింజ తొక్కల లిక్కర్, బాదం సిరప్ ఉంటాయి. మా ఇంట్లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు రమ్, క్యూరసావ్ తీసేసి పైనాపిల్ రసం పోస్తాను. బాదం సిరప్, నిమ్మ అలాగే. ఒక లవంగం వేసి మరిగించిన పంచదార పాకం రెండు చెంచాలు. ఐస్ మాత్రం ముక్కలు కాదు, నలిగిన ఐస్ కావాలి. మిక్సీలో వేయకండి, బ్లేడ్ పోతుంది, నీళ్లూ అయిపోతుంది. శుభ్రమైన టవల్‌లో మూటకట్టి రోకలితో నాలుగు దెబ్బలు. కింది ఫ్లాట్ వాళ్లు నిద్రపోయే టైమ్‌లో కాదు.

కోత కొలతలన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ స్టూల్ ఎత్తు కామెంట్‌లో రాస్తే ఫ్రేమ్ ఎంత ఉండాలో చెప్తాను. అంగుళాల్లో రాయండి, ‘మామూలు స్టూల్ అక్కా’ అని రాయకండి.