అన్‌ఫిట్ అని ముద్ర కొట్టి పంపేస్తే సరిపోతుందా?

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, వానలో తడుస్తూ వచ్చిన ఆశా అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం. ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. హెపటైటిస్ అంటే కాలేయం (లివర్) వాపు; నేను చెప్పబోయేది వైరస్‌ల వల్ల వచ్చే బి, సి రకాల గురించి. హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టిన బరూక్ బ్లమ్‌బర్గ్ పుట్టినరోజు జూలై 28. అందుకే ఈ తేదీ. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంగతి ఇంతటితో ఆపుతాను. ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేస్తూ రిటైరైనవాణ్ణి, నా బాధ వేరే ఉంది.

ముందు లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవాళ్లు దాదాపు 2 కోట్ల 98 లక్షలు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత రక్త నమూనాలను పరీక్షిస్తే మాత్రం బి 0.95 శాతం, సి 0.32 శాతం తేలింది. రెండింటికీ పొంతన లేదు, లెక్క కట్టిన పద్ధతులు వేరు. చిన్న లెక్కనే పట్టుకున్నా బి ఒక్కటే కోటి మందికి పైన.

ఆ సగటు చూసి మాత్రం నిశ్చింతగా ఉండకండి. జబ్బు దేశమంతా సమానంగా పరుచుకోలేదు. పంజాబ్‌లో సి ఎక్కువ. అక్కడి ప్రభుత్వం 2016లోనే ఉచిత చికిత్స మొదలుపెట్టింది, కేంద్ర కార్యక్రమం వచ్చింది 2018లో. మణిపూర్, మిజోరంలలో సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లలో సి విపరీతంగా ఉంది. నికోబార్ గిరిజనుల్లో ఒక సర్వేలో ఐదుగురిలో ఒకరికి పైగా బి బయటపడింది. గుజరాత్‌లోని మొడాసాలో 2009లో వాడిన సిరంజిలే మళ్లీ వాడటం వల్ల బి వ్యాపించి ఎంతోమంది చనిపోయారు. ఒక్క ఊళ్లో, కొన్ని సూదులతో! ఊళ్లో జ్వరమొస్తే "సూది వేయండి డాక్టరు గారూ" అని మనమే అడుగుతాం కదా, కొత్త సిరంజి కవరు మన కళ్ల ముందే చింపమని ఎందుకు అడగం?

ఇంకా రాష్ట్రాల సంగతి చెప్పాలనుకున్నాను కానీ, మన జగిత్యాల వైపు సంగతి చెప్పకుండా ఉండలేను. గల్ఫ్ వీసా కోసం చేసే వైద్య పరీక్షలో, అదే మెడికల్‌లో, హెపటైటిస్-బి పాజిటివ్ వస్తే అన్‌ఫిట్, అంటే పోవడానికి పనికిరాడని ముద్ర. మన ఇళ్లల్లో చాలామందికి ఈ జబ్బు పేరు తెలిసేది ఆ రోజే. సెంట్రింగ్ పని చేసే ఒకతను అలాగే వచ్చాడు. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టాడు. మెడికల్‌కు పట్నం పోతే అన్‌ఫిట్ అన్నారట. ఎందుకో చెప్పినవాళ్లు లేరు, ఫలానా ఆసుపత్రికి పో అన్నవాళ్లూ లేరు. ఊరికొచ్చాక ఎవరో కామెర్లన్నారు. పసరు పోయించుకున్నాడు, మణికట్టు మీద వాత పెట్టించుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ వాత ఇంకా పచ్చిగానే ఉంది. కళ్లు చూస్తే తెల్లగా ఉన్నాయి, అసలు కామెర్లే లేవు!

పరీక్ష చేస్తే బి పాజిటివ్. "సార్, ఇంట్లో నా గ్లాసుకు గోళ్ల రంగు పూశారు, మిగతావాళ్ల గ్లాసులతో కలవకుండా" అన్నాడు. అతని భార్య ఏడో నెల గర్భిణి. నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు. ఆ మెడికల్ సెంటర్ వాళ్లు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఏం పోయేది? ముద్ర కొట్టడానికి తీరిక ఉంది, మాట చెప్పడానికి లేదా?

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే బి రాదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. బ్లేడు, పచ్చబొట్టు సూది మాత్రం ఎవరిది వాళ్లకే. పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్లకూ మందులు అక్కర్లేదు. లివర్ పరీక్షలు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) చూసి డాక్టరు తేలుస్తారు. అవసరమైతే వైరస్‌ను అదుపులో ఉంచే టెనోఫోవిర్ మాత్ర ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితం. సి అయితే సాధారణంగా 12 వారాల మందులతో దాదాపు అందరికీ నయమవుతుంది.

మరి గల్ఫ్ పోయే ముప్పై, నలభై ఏళ్లవాళ్లలోనే ఎందుకు బయటపడుతోంది? వాళ్లు పుట్టేనాటికి మన ప్రభుత్వ టీకాల్లో హెపటైటిస్-బి టీకా లేదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకా తెచ్చి ధర బాగా దించింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం అన్ని జిల్లాల పిల్లలకూ వేయడం 2007-08లో గానీ మొదలు కాలేదు. దేశమంతటికీ 2011లో వచ్చింది. విద్యార్థులారా, మీరు ఆ సరిహద్దు మీదే పుట్టారు. మీ టీకా కార్డు ఇంటికెళ్లి వెతకండి. లేకపోతే పరీక్ష చేయించుకుని, నెగటివ్ వస్తే మూడు డోసులూ వేయించుకోండి.

అతని భార్యకు నెగటివ్ వచ్చింది, టీకా వేయించాం. అందరికీ అలా జరగదు. ఆశా అక్కలూ, మీ గర్భిణుల కార్డుల్లో హెపటైటిస్-బి పరీక్ష గడి ఖాళీగా ఉంటే రేపే ల్యాబ్‌కు తీసుకెళ్లండి. పాజిటివ్ ఉంటే కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి, బిడ్డకు 24 గంటల్లోపు టీకా, దాంతోపాటు వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబులిన్ పడాలి. పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది.

పక్క గదిలో టెస్ట్ కిట్లు పెట్టాం. భోజనాలకు వెళ్లేముందు రండి. రిజల్టు ఏదొచ్చినా కాగితం చేతిలో పెట్టి పంపం, కూర్చోబెట్టి చెబుతాం.