కడుపుతో ఉన్న గినీ పిగ్‌ని తెచ్చుకున్నారా? పిల్లలు పుట్టేలోపు చేయాల్సినవి

అందరికీ నమస్తే. ఇవాళ డైరెక్ట్‌గా విషయంలోకి వచ్చేస్తా, ఎందుకంటే ఈ వీడియో ఓపెన్ చేసినవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికే కడుపుతో ఉన్న గినీ పిగ్ ఉండే ఉంటుంది.

మొదటి ప్రశ్న. దాని కేజ్‌లో మగది ఉందా? ఉంటే వీడియో పాజ్ చేసి ముందు దాన్ని వేరే కేజ్‌లో పెట్టి రండి, నిజంగానే చెప్తున్నా. గినీ పిగ్ ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకొస్తుంది, పక్కన మగది ఉంటే అదే రోజు మళ్ళీ కడుపు నిలిచిపోతుంది, ఇటు పాలివ్వాలి అటు కడుపులో ఇంకో బ్యాచ్, పాపం ఆ తల్లి ఒంట్లో ఇంకేం మిగులుతుంది చెప్పండి. అసలు మనకి ఇలా కడుపుతో ఉన్నవి ఎందుకు వస్తాయంటే పెట్ షాపుల్లో చాలా చోట్ల ఆడా మగా అన్నీ ఒకే కేజ్‌లో ఉంచుతారు, ఆడపిల్లకి నెల వయసు వచ్చేసరికే కడుపు వచ్చేయొచ్చు. "రెండూ ఆడవేనండీ" అని చెప్పి ఇచ్చినా మీరు డాక్టర్‌తో ఒకసారి చెక్ చేయించండి.

(స్క్రీన్ మీద: 59 నుంచి 72 రోజులు)

ఇదీ కడుపుతో ఉండే టైమ్. ఎలుకకి మూడు వారాలే, దీనికి రెండు నెలలు దాటుతుంది, అందుకే పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో, పళ్ళతో సహా పుడతాయి, గంటల్లోనే పరుగులు పెడతాయి. మామూలుగా రెండు నుంచి నాలుగు పుడతాయి. ఒక్కోటీ 70 నుంచి 100 గ్రాములు ఉంటుంది, అలాంటివి మూడు నాలుగు ఆ చిన్న ఒంట్లో మోస్తోందంటే ఎంత బరువో ఆలోచించండి. ఎన్ని ఉన్నాయో చూద్దామని పొట్ట నొక్కొద్దు, డాక్టర్ స్కాన్‌లో చూస్తారు. చివరి వారాల్లో అవసరం లేకుండా ఎత్తుకోవద్దు, తప్పదంటే వెనకభాగం కింద చెయ్యి పూర్తిగా ఆనించి ఎత్తండి.

ఇప్పుడు తిండి. గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారవదు, మనలాగే. మామూలుగా కిలో బరువుకి రోజుకి 10 మిల్లీగ్రాములు సరిపోతుంది, కడుపుతో ఉంటే 30 దాకా కావాలి. దీనికి ఖరీదైనవేం అక్కర్లేదు, రోజూ ఒక పెద్ద క్యాప్సికం ముక్క, కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. విటమిన్ సి చుక్కలు నీళ్ళ బాటిల్‌లో కలపొద్దు, నీళ్ళలో త్వరగా పాడైపోతుంది, పైగా రుచి మారి నీళ్ళు తాగడం మానేస్తుంది. గడ్డి మాత్రం ఎప్పుడూ కేజ్‌లో ఉండాల్సిందే. టిమోతీ గడ్డి దొరక్కపోతే మందు కొట్టని శుభ్రమైన గరిక పెట్టండి, దానికి తోడు కడుపుతో ఉన్నన్నాళ్ళూ పాలిచ్చినన్నాళ్ళూ లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి కూడా కొంచెం ఇవ్వండి, కాల్షియం కోసం.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చివరి రెండు మూడు వారాల్లో, ఈనాక మొదటి వారంలో కూడా, తిండి మానేసి ఓ మూల ముడుచుకుని కూర్చుంటే "రేపు చూద్దాంలే" అనుకోవద్దు. అది టాక్సీమియా కావచ్చు, అంటే కాన్పుకి ముందూ తర్వాతా వచ్చే ప్రమాదకరమైన జబ్బు, ఒక్క రోజులో ప్రాణం పోవచ్చు. లావుగా ఉన్నవాటికి, భయపడ్డవాటికి, ఎండకి తట్టుకోలేనివాటికి ఈ రిస్క్ ఎక్కువ. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు చూస్తాం కదా, వీటికి 27, 28 దాటితేనే కష్టం, కాబట్టి ఏసీ లేకపోతే ఇంట్లో చల్లగా ఉండే గదిలో కింద టైల్స్ మీద పెట్టండి, బాల్కనీలో అస్సలు వద్దు.

డాక్టర్‌ని కూడా ముందే వెతికి పెట్టుకోండి, కుక్కలు పిల్లులు చూసే అందరూ వీటిని చూడరు, ఫోన్ చేసి అడగండి. 6 నుంచి 8 నెలలు దాటాక మొదటి కాన్పు అయితే ఇది ఇంకా ముఖ్యం, కటి ఎముకల జాయింట్ అప్పటికి బిగుసుకుపోయి పిల్ల బయటికి రాక ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. ఇంట్లో ఉంది కదా అని అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు వేయొద్దు, వీటి పేగులు తట్టుకోలేవు, చనిపోతాయి.

కేజ్ ఊచల మధ్య సందు అంగుళం కంటే ఎక్కువుంటే అట్టముక్క కట్టేయండి, పిల్లలు దూరిపోతాయి. వైర్ ఫ్లోర్ ఉంటే పైన మెత్తటి గుడ్డ పరవండి. నీళ్ళ బాటిల్ కిందకి దించండి.

ఈనేటప్పుడు మీరు చేయాల్సింది దూరంగా ఉండి చూడటమే. అరగంటలో అయిపోతుంది చాలాసార్లు. ఇరవై నిమిషాలు గట్టిగా ముక్కుతున్నా ఒక్క పిల్లా రాకపోయినా, రక్తం ఆగకుండా పోతున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి.

పుట్టిన పిల్లల్ని రోజూ కిచెన్ వేయింగ్ మెషీన్ మీద తూకం వేయండి, మొదటి రెండు రోజులు కొంచెం తగ్గినా తర్వాత పెరగాలి. తల్లికి ఉండేవి రెండే చనుమొనలు, ఎక్కువ పిల్లలుంటే చిన్నదానికి పాలు అందట్లేదేమో ఈ తూకంలోనే తెలిసిపోతుంది. ఆవుపాలు పట్టించొద్దు. మొదటి రోజు నుంచే గడ్డి కొరుకుతాయి, అయినా మూడు వారాలు తల్లి పాలు కావాల్సిందే. సరిగ్గా 21వ రోజుకి మగపిల్లల్ని తల్లి నుంచీ అక్కచెల్లెళ్ళ నుంచీ వేరు చేసేయండి, అప్పటికే వాటివల్ల కడుపు రావచ్చు. పక్క కేజ్‌లో తండ్రి ఉంటే వాటిని అక్కడ పెట్టొచ్చు, చాలాసార్లు కొడుకులతో బానే కలిసిపోతాడు, మొదటి కొన్ని రోజులు మాత్రం కొట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండండి.