బాలు గారి ఇల్లు ఏది? తిరుపతి నుంచి తామరైపాక్కం దాకా

యాంకర్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. సెప్టెంబరు వస్తానే మా శ్రోతలు అడిగేది ఒకటే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి ఇంటికి పోవాలి, ఎట్టా పోవాలి అని. బాలు గారికి సంబంధించిన చోట్లన్నీ తెలిసిన అన్న ఈరోజు మనతో ఉన్నారు. అన్నా, సూటిగా చెప్పండి. కారెక్కితే ఎక్కడికి పోనివ్వాలి?

అతిథి: ముందు ఏ ఇల్లో తేల్చుకోవాల మా. ‘బాలు ఇల్లు’ అని మ్యాపులో కొడితే నాలుగు చోట్లు కనిపిస్తాయి. చెన్నై నుంగంబాకంలో కామ్‌దార్ నగర్ ఇల్లు ఒకటి. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో పాత ఇల్లు ఇంకొకటి. చెన్నై దగ్గర తామరైపాక్కంలో వాళ్ల తోట మూడోది. అభిమానులు పోవాల్సింది అక్కడికే, ఆయన సమాధి ఉండేది అక్కడ. ఇక నాలుగోది పుట్టిన ఊరు. దాని గురించి తర్వాత చెప్తా, అందులో మన జిల్లా సంగతి ఉంది.

యాంకర్: కామ్‌దార్ నగర్‌కి కూడా చాలామంది పోతా ఉంటారు కదన్నా.

అతిథి: పోవద్దనే చెప్తా. అది కుటుంబం ఇల్లు, చూసేదానికి తెరిచిపెట్టిన చోటు కాదు. గేటు ముందర నిలబడి ఫోన్ ఎత్తితే లోపల ఉండే వాళ్లకి ఎంత ఇబ్బందో ఆలోచించాల. 2024 సెప్టెంబరు 25న, నాలుగో వర్ధంతి నాడు, అక్కడి వీధికి ఆయన పేరు పెడతామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది, పెట్టింది కూడా. ఆ బోర్డు దగ్గర దండం పెట్టుకుని ఫోటో తీసుకోండి, చాలు.

యాంకర్: సరే, తామరైపాక్కం. తిరుపతి నుంచి దారి చెప్పండి.

అతిథి: రెండు దారులున్నాయి. సొంత కారైతే రేణిగుంట, పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం, ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా పోవాల. పెరియపాళెంలో చెన్నై రోడ్డు వదిలి దక్షిణం పక్కకి తిరిగితే ఇంకో పదీ పన్నెండు కిలోమీటర్లు. మొత్తం నూరు కిలోమీటర్ల పైచిలుకు, రెండున్నర మూడు గంటలు పడుతుంది. బస్సులో అయితే ఊత్తుకోట మీదుగా పోయే చెన్నై బండే ఎక్కాల. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. తిరుపతిలో చెన్నై బోర్డు చూసి ఏదో ఒకటి ఎక్కేస్తారు. అది తిరుత్తణి మీదుగా పోయేదైతే పెరియపాళెం రానే రాదు. ఎక్కేముందు కండక్టర్ని ‘ఊత్తుకోట మీదనేనా’ అని అడగండి. పెరియపాళెంలో దిగి ఆటో మాట్లాడుకోవాల. రానూపోనూ కలిపి, అక్కడ గంటసేపు ఆగేదానికి కూడా ముందే బేరం కుదుర్చుకోండి. తోట దగ్గర తిరుగు ఆటో దొరక్క ఎండలో నిలబడిపోతారు.

యాంకర్: రైల్లో పోవచ్చా?

అతిథి: పోవచ్చు. పొద్దున తిరువళ్లూరులో ఆగే చెన్నై రైలెక్కి అక్కడ దిగి, ఆ ఊరి నుంచి రెడ్‌హిల్స్ పక్కకి పోయే బస్సెక్కి తామరైపాక్కం కూట్రోడ్డులో దిగాల. పెద్దవాళ్లు ఉంటే రైలే సుఖం.

యాంకర్: ఏ రోజు పోతే మంచిది?

అతిథి: జూన్ 4 జయంతి, సెప్టెంబరు 25 వర్ధంతి. అందరూ ఆ రెండు రోజులే పట్టుకుంటారు. సెప్టెంబరు 25 ఎప్పుడు వచ్చినా పురటాసి నెలలోనే వస్తుంది. తమిళనాడు నుంచి కొండకి జనం పోటెత్తే నెల అది. శుక్ర, శనివారాలు చెన్నై నుంచి మనకి వచ్చే బస్సులు కిటకిటలాడతాయి, ఆదివారం తిరుగు బండ్లలో నిలబడేదానికి కూడా చోటుండదు. కొన్నేళ్లు బ్రహ్మోత్సవాలు కూడా అప్పుడే పడతాయి. 2025లో సెప్టెంబరు 24నే మొదలైనాయి. రిజర్వేషన్ లేకుండా బయలుదేరితే నడిదారిలో అవస్థ పడతారు. ఇంకోటి, ఆడి నెల ఆదివారాలు పెరియపాళెం భవానీ అమ్మవారి గుడి దగ్గర రోడ్డే కదలదు. అంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా. అక్టోబరు తర్వాత వానలు. పూండి జలాశయం గేట్లు ఎత్తితే కొసస్థలై ఏరు పొంగుతుంది, కిందుండే రోడ్లు మునుగుతాయి. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చిలో మామూలు వారపు రోజు పోవాల. వర్ధంతి నాడు వెయ్యిమంది నడుమ తోసుకుంటా క్షణం చూసేదానికన్నా, ఎవరూ లేనప్పుడు పది నిమిషాలు కూర్చోడం మేలు.

యాంకర్: లోపలికి పంపిస్తారా?

అతిథి: అది ప్రైవేటు తోట మా, గుడి కాదు. ఎప్పుడు తెరవాలి, ఎంతమందిని పంపాలి అనేది కుటుంబం ఇష్టం. బయలుదేరే ముందు వాళ్ల అధికారిక పేజీల్లో ఏమన్నా ప్రకటన ఉందేమో చూడండి. ఈరోజు కాదంటే వాదన పెట్టుకోకుండా వెనక్కి తిరగాల. ‘తిరుపతి నుంచి వచ్చినాం సార్’ అంటే, అక్కడికి అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే.

యాంకర్: చాలామందికి ఒక సందేహం అన్నా. దహనం చేయకుండా ఖననం ఎందుకు చేసినారు అని.

అతిథి: ఇంటిపేరే జవాబు చెప్తుంది. పండితారాధ్యుల వారు. మల్లికార్జున పండితారాధ్యుల నాటి శైవ సంప్రదాయం, ఆరాధ్య బ్రాహ్మణులు. వాళ్లలో సమాధి చేసేదే ఆచారం. 2020 ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరినారు, సెప్టెంబరు 25 మధ్యాహ్నం 1 గంట 4 నిమిషాలకి పోయినారు. మరునాడు పోలీసు గౌరవ వందనంతో, కొడుకు చరణ్ గారి చేతుల మీదుగా తామరైపాక్కంలో సమాధి చేసినారు. కరోనా నిబంధనల వల్ల ఆరోజు చాలామంది అభిమానులు కడసారి చూపుకి నోచుకోలేదు. ఇన్నేళ్లయినా జనం అక్కడికి పోతా ఉండేది ఆ వెలితి వల్లేనని నా నమ్మకం.

యాంకర్: అక్కడికి పోయినాక ఏం చేయాలి, ఏం చేయకూడదు?

అతిథి: పూలు తీసుకుపోండి. చామంతి, బంతి, విడి గులాబీ ఏదైనా సరే. ప్లాస్టిక్ దారం, జిగినీ, థర్మోకోల్ వద్దు. మనిషికో మూర దండ చాలు. గజమాలలు మోసుకుపోతే అవి కుళ్లినాక తీసేది తోటలో పనిచేసేవాళ్లే. రాయి మీద నూనె పోయొద్దు. నునుపు పట్టని రాయి నూనెని పీల్చేస్తుంది, ఆ మరక ఎంత కడిగినా పోదు, దాని మీద దుమ్ము పట్టి నల్లగా అట్ట కడుతుంది. కర్పూరం మసి కూడా అంతే. పళ్లెంలో వెలిగించుకోండి, రాయి మీద కాదు. కటౌట్లకి చేసినట్టు పాలాభిషేకం చేస్తామంటారు. ఆ పాలు సందుల్లో నిలిచి పులిసి, చీమలు పడతాయి. ఆ పాలు ఏ అనాథాశ్రమానికో ఇస్తే బాలు గారు ఎంత సంతోషించేవారో!

యాంకర్: పాడొచ్చా?

అతిథి: పాడాల! కాకపోతే స్పీకర్లు వద్దు. ట్రాక్ పెట్టుకుని లైవ్ పెడితే కాపీరైట్ కింద ఫేస్‌బుక్ శబ్దం కోసేస్తుంది, మీ వీడియో మూగదైపోతుంది. గొంతుతోనే పాడండి. గుంపుగా పాడేటప్పుడు ఏం జరుగుతుందో చెప్తా. శ్రుతి లేకుండా ఒకరు ఎత్తుకుంటారు. పల్లవి బాగానే ఉంటుంది. ఉత్సాహంలో తెలియకుండానే శ్రుతి పైకి పోతా ఉంటుంది. చరణంలో పై స్థాయి వచ్చేసరికి సగంమంది గొంతు చిట్లుతుంది, మిగిలిన సగం కింది స్థాయికి పడిపోతారు.

యాంకర్: దానికి మందేంది?

అతిథి: ఫోన్లో తంబురా యాప్ పెట్టుకోండి, ఆ పాట ఒరిజినల్ శ్రుతి కంటే రెండు మూడు మెట్లు దించండి. పల్లవితో కాదు, చరణంలో అన్నిటికన్నా పైనుండే ముక్కతో సరిచూసుకోండి. అది హాయిగా పలికితేనే ఆ శ్రుతి మీది. ఇంటి దగ్గరే ఈ పని చేసుకుని పోవాల. రెండు పాటలు చాలు, ఒక్కోదాంట్లో పల్లవీ ఒక చరణం. పాడే ముందు సాహిత్యాన్ని రాగం లేకుండా గట్టిగా చదవండి, వత్తులూ ‘శ’, ‘ష’, ‘స’ తేడాలూ వినపడేట్టు. బాలు గారి నవ్వు, ఆ విరుపులు అనుకరించేదానికి అందరూ ఉత్సాహపడతారు. ఆయన గొప్పతనంలో అది చిన్న భాగం. మాటని నలగనివ్వకుండా పలకడం దగ్గర మొదలుపెట్టాల.

యాంకర్: ‘పాడుతా తీయగా’లో పిల్లలకి పదే పదే చెప్పింది అదే కదా.

అతిథి: 1996లో ఈటీవీలో మొదలైనప్పటి నుంచీ చెప్పినారు. ఇంకో అలవాటు కూడా నేర్పినారు. పాటకి ముందు రాసిందెవరో, స్వరపరిచిందెవరో, తోడు పాడిందెవరో చెప్పడం. మన ఊళ్లలో స్వరాంజలి పెట్టేవాళ్లు ఇది మరిచిపోతున్నారు. బాలు పేరు పది సార్లు చెప్పి, పాట రాసిన మహానుభావుడి పేరు ఒక్కసారి కూడా చెప్పరు. ఆయన ఉంటే ఊరుకునేవారా? ఫ్లెక్సీల మీద కూడా జాగ్రత్త. పాటల లెక్క నలభై వేలు, యాభై వేలు అని తోచిన అంకె వేయొద్దు. ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో. తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కోటి. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, పోయినాక 2021లో పద్మవిభూషణ్. ఉన్నది రాస్తేనే ఫ్లెక్సీ నిండిపోతుంది.

యాంకర్: ఇంతకీ పుట్టిన ఊరి సంగతి చెప్తానన్నారు.

అతిథి: కోనేటంపేట. పళ్లిపట్టు పక్కన. చాలాచోట్ల నెల్లూరు జిల్లా అని రాసేస్తారు, దాన్ని నమ్మి నెల్లూరు చుట్టుపక్కల వెతికితే దొరకదు. ఇప్పుడు అది తమిళనాడు, తిరువళ్లూరు జిల్లా. కానీ ఆయన పుట్టిన 1946లో ఆ ప్రాంతం మన చిత్తూరు జిల్లాలో ఉండేది. తిరుత్తణి, పళ్లిపట్టు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయినాయి. చిన్న చదువు నగరిలో, మేనమామ ఇంట్లో ఉండి. స్కూలు ఫైనల్ శ్రీకాళహస్తి బోర్డు స్కూల్లో. అక్కడే ఒక మాస్టారు ఆయన పాటని టేపు మీద రికార్డు చేసినారు. పీయూసీ మన తిరుపతి ఆర్ట్స్ కాలేజీలో. ఇవన్నీ మనకి బస్సు దూరంలో ఉంటే, వీటిని వదిలేసి నేరుగా చెన్నైకి పోతారు. నగరి ఏరు పోయి కొసస్థలైలో కలుస్తుంది, పూండి దాటినాక అదే నది మీద తామరైపాక్కం ఆనకట్ట. చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన ఊరి నీళ్లే అక్కడిదాకా పోతాయి మా!

యాంకర్: ఎంత మాట చెప్పినారన్నా! నెల్లూరు ఇల్లు మిగిలింది.

అతిథి: నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ ఇల్లే. తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు, నెల్లూరులో త్యాగరాజ ఉత్సవాలు నడిపినవారు. ఆ ఇంటిని బాలు గారే 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి రాసిచ్చినారు, వేద పాఠశాల కోసం. పోయేదానికి ఏడు నెలల ముందు. దాన్ని మ్యూజియం చేయాలి, విగ్రహం పెట్టాలి అని అభిమానులు అడుగుతుంటారు. నేను ఒప్పుకోను. ఆ ఇల్లు ఏం కావాలో ఆయనే తేల్చి ఇచ్చినారు, దానికి మించిన స్మారకం మనం కట్టలేం. అక్కడికి పోయేవాళ్లు చెప్పులు బయట విప్పి, వీడియోలు తీయకుండా, అడిగి లోపలికి పోవాల. వేదం చెప్పే వేళైతే బయటే నిలబడి వినండి. ఆయన పేరు చూడాలనుకుంటే నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకి పోండి. 2020 నవంబరులో దానికి ఆయన పేరు పెట్టినారు.

యాంకర్: తామరైపాక్కం, నెల్లూరు ఒకే రోజు కుదురుతాయా?

అతిథి: కుదరవు. హడావుడి పడి రెండూ పాడు చేసుకోవద్దు. నెల్లూరుకి శ్రీకాళహస్తిని కలుపుకోండి. తిరుపతి నుంచి రైలు కాళహస్తి, గూడూరు మీదుగానే పోతుంది. పొద్దున కాళహస్తిలో దిగి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం బండికి నెల్లూరు చేరుకోవచ్చు. తామరైపాక్కానికి నగరిని కలుపుకోండి. వచ్చేటప్పుడు తిరువళ్లూరు, తిరుత్తణి దారి పట్టుకుంటే నగరి మీదుగానే ఇంటికొస్తారు. అయిదు లోపల తోట నుంచి కదలండి, చీకటి పడితే ఆటో దొరకదు.