రాత్రికి రాత్రే పార్సిల్: ఫెడెక్స్ లెక్క ఎక్సెల్‌లో వేసి చూద్దాం

నమస్తే అండీ. ఈ రోజు ఒక చిన్న షీట్ వేద్దాం. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ పెట్టిన ఫ్రెడ్ స్మిత్ మొదట్లో వేసుకున్న లెక్క ఇది. అప్పట్లో, అమెరికాలో ఏ ఊరి పార్సిల్ అయినా ముందు మెంఫిస్ నగరానికి రావాలి, అర్ధరాత్రి అక్కడ విడదీయాలి, తెల్లారేలోపు వెళ్లాల్సిన ఊరికి ఎగరాలి. పక్క ఊరికి వెళ్లేదైనా సరే, మెంఫిస్ మీదుగానే. ఎందుకింత చుట్టు అనిపిస్తుంది కదా, చూద్దాం.

కొత్త షీట్ తెరిచాను. ఎ2లో 25. 1973 ఏప్రిల్ 17న 14 చిన్న ఫాల్కన్ జెట్‌లతో, 25 నగరాలకు మొదలుపెట్టారు, ఆ 25. బి2లో ఎన్ని జతలు వస్తాయో లెక్కపెట్టే ఫార్ములా: ఈక్వల్ టు, కాంబిన్, బ్రాకెట్, ఎ2, కామా, 2. ఎంటర్. 300 వచ్చింది. అంటే ప్రతి ఊరినీ ప్రతి ఊరితో నేరుగా కలపాలంటే 300 దారులు. మధ్యలో మెంఫిస్ లాంటి హబ్, అంటే అన్నీ వచ్చి కలిసే చోటు పెడితే? 25 చాలు. ఇప్పుడు సి2లో 186 వేయండి. మొదటి రాత్రి వచ్చిన ప్యాకేజీలు అన్నే. 300 దారులు, 186 ప్యాకేజీలు. దారికి ఒక్కటి కూడా రాదండీ! పైగా ఆ అక్టోబర్‌లోనే చమురు సంక్షోభం. ఖాళీ విమానాలు తిప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఈ మూడు అంకెలు పక్కపక్కన చూశాకే ఆయన ఆలోచన ఎంత గట్టిదో నాకు అర్థమైంది.

ఇప్పుడు టైమ్‌లు. ఇక్కడ కాస్త ఆగండి, నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఇవి నేను ఊహించి వేసిన టైమ్‌లు, అన్నీ మెంఫిస్ టైమ్‌లోనే. ఎ5లో బయల్దేరేది 22:15. బి5లో దిగేది 0:20. సి5లో బి5 మైనస్ ఎ5 కొడితే... చూశారా, వరసగా హ్యాష్ గుర్తులు. టెన్షన్ పడి కాలమ్ వెడల్పు చేసినా పోవు. అర్ధరాత్రి దాటడంతో లెక్క మైనస్‌లోకి వెళ్లింది, ఎక్సెల్ మైనస్ టైమ్ చూపించదు. కాబట్టి ఇలా: ఈక్వల్ టు, మాడ్, బ్రాకెట్, బి5 మైనస్ ఎ5, కామా, 1, బ్రాకెట్ క్లోజ్. ఆ చివరి 1 మర్చిపోకండి, 1 అంటే ఒక రోజు. ఎంటర్. 2:05. సరిగ్గా వచ్చింది! రాత్రి నడిచే ఏ వ్యాపారానికైనా ఇదే ఫార్ములా.

మిగతా ఊళ్ల టైమ్‌లు కింది వరసల్లో వేసుకుంటే, సి5 నుంచి కిందికి సెలెక్ట్ చేసి కంట్రోల్ డి. మౌస్‌తో లాగడం కంటే నాకు ఇదే ఇష్టం, వరస తప్పదు.

ఇక పైకి వెళ్లి ఎ2లో 26 కొట్టండి. 325. ఒక్క ఊరు పెరిగితే 25 కొత్త దారులు, హబ్ ఉంటే ఒక్కటే. 100 కొట్టండి... 4950! మీరు కొరియర్ లైన్‌లో ఉంటే మీ బ్రాంచీల సంఖ్య వేసి చూడండి. నేను సేవ్ చేసేస్తున్నాను, కంట్రోల్ ఎస్.